చప్పుడు లేని ఇంజను

కట్టుడు పళ్ళు తయారుచేయడం ఆయన వృత్తి. బొమ్మ రైళ్ళంటే పిచ్చి. "పొద్దంతా ఊళ్ళోవాళ్ళ నోళ్ళు బాగుచేస్తారు, సాయంత్రమైతే ఇంజన్ల కాళ్ళు పట్టుకుంటారు" అని భార్య నలుగురిలో ఆటపట్టించేది. తలలో గడ్డ లేచి ఆమె మంచం పట్టాక, ఆయన అటక మీది పట్టాలన్నీ దింపి, మంచం చుట్టూ బల్లలు వేసి పరిచాడు. రైలు ఆమె కాళ్ళవైపు నుంచి తలవైపుకూ, తలవైపు నుంచి కాళ్ళవైపుకూ తిరిగేది. పెట్టెలో మాత్ర పెట్టి పంపితే "స్టేషనొచ్చిందండోయ్" అంటూ తీసుకుని మింగేది. మామూలుగా మందంటే మొహం తిప్పుకునే మనిషి!

ఒకరోజు కణతలు నొక్కుకుంటూ, "దీని గోల తలలోకి దూరుతోందండీ" అంది.

అంతే, ఆయన దాన్ని మనసులో పెట్టేసుకున్నాడు. డాక్టర్లు చెప్పే మాటల్లో తన చేతికందేది ఒక్కటీ లేదు. ఇదొక్కటి అందుతుంది.

ఇంజను కింద చక్రాలూ మోటారూ కలిసి ఉండే చిన్న బండిని మోటారు బోగీ అంటారు. గోలంతా దానిదే. విప్పి చూస్తే ప్లాస్టిక్ పళ్ళచక్రాలు అరిగి ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి. ఇక పక్కగదిలో బల్ల ముందు కూర్చుంటే ఆయనకు లోకం పట్టేది కాదు. పాడైన సీడీ ప్లేయరు లోంచి మెత్తగా తిరిగే మోటారు ఊడదీశాడు. అది బోగీలో వదులైతే, కట్టుడు పళ్ళకు వాడే గులాబీరంగు ముద్దతోనే దానికి పీట పోశాడు. ఇత్తడి పళ్ళచక్రాలు వేసి ఒక్కొక్క పన్నూ నునుపు చేశాడు. కరెంటు తడబడకుండా ప్రతి చక్రానికీ సన్నటి రాగిరేకు తగిలించాడు.

బావమరిది కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. రోజూ అక్కను చూడ్డానికి వచ్చేవాడు. ఆ బోగీని తిరగేసి చూసి, "చిగుళ్ళు కూడా పెట్టేశావేంటి బావా! ఇక పట్టాలు నమిలేస్తుంది చూడు" అన్నాడు. అవతలి గదిలోంచి అక్క నవ్వు వినిపించింది. నవ్వు సగంలోనే దగ్గయింది.

"అక్క నిన్నడుగుతోంది. కాసేపొచ్చి కూర్చో బావా."

"ఇదిగో, అయిపోవచ్చింది. ఇంకా కొంచెం మూలుగుతోంది."

మూలుగుతోందన్నది ఇంజను గురించే.

ఆ కొంచానికే వారాలు పట్టాయి. చివరికి ఒక మధ్యాహ్నం ఇంజన్ను పట్టాలెక్కించాడు. పిల్లి అడుగులేసినట్టు కదిలిందది. ఎక్కడా ఉలుకూ పలుకూ లేదు. ఆయన గుండె పొంగిపోయి, మెచ్చుకుంటుందని ఆమె మొహంలోకి చూశాడు.

ఆమె చెవొగ్గి, "రైలు వెయ్యరేమండీ?" అంది.

రైలు అప్పుడు సరిగ్గా ఆమె మోచేతి పక్కనుంచే పోతోంది.

"నీ కళ్ళు..." అన్నాడు.

"మొదట మసగ్గా ఉండేది. ఇప్పుడదీ లేదు. మీకు చెప్పొద్దని తమ్ముడితో నేనే అన్నా. మీరు పనిలో ఉన్నారు కదా."

గుమ్మంలో బావమరిది తల దించుకున్నాడు. "ఒట్టు వేయించుకుంది బావా."

"గోలగా ఉందన్నావుగా?" అన్నాడాయన, దెబ్బలు తిన్న పిల్లాడిలా.

"ఆ రోజు తలనొప్పిగా ఉండి ఏదో అన్నాను. మీరేమో ఆ మాట పట్టుకుని లోపలికి పోయారు. ఆ చప్పుడుంటే మీరు ఇక్కడే ఉన్నట్టుండేది."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది ఆయనకు.

బోగీలో పాత మోటారూ పాత పళ్ళచక్రాలూ మళ్ళీ బిగించాడు. ఈసారి పక్కగదిలో కాదు, మంచం మీదే, మరలన్నీ ఆమె గుప్పిట్లో పోసి. "ఇటివ్వు" అంటే ఒకటి తీసి ఇచ్చేది. ఒకటి జారిపోతే ఇద్దరూ కలిసి దుప్పటంతా తడిమారు. ఇంజను కటకటలాడుతూ కదిలింది. "ఇప్పుడు కాళ్ళ దగ్గర... ఇప్పుడు కిటికీ వైపు" అని ఆమె వేలితో చూపించింది. ఒకసారి వేలు తప్పుదారి పట్టింది. ఆయన దిద్దలేదు.

ఆ తర్వాత ఆయన పని ముట్టలేదు. పళ్ళకోసం వచ్చినవాళ్ళను గుమ్మం దగ్గర్నుంచే పంపేశాడు. మంచం పక్కన కూర్చుని, పెళ్ళైన కొత్తలో చెప్పాల్సిన కబుర్లన్నీ అప్పుడు చెప్పాడు. ఆమె ఊఁ కొట్టేది.

అలా ఒకరోజు రైలు తిరుగుతూండగానే ఆమె వేలు ఆగిపోయింది. నిద్ర పట్టిందనుకుని ఆ చేతిని దుప్పట్లోకి సర్దబోయాడు. అప్పుడు తెలిసింది. స్విచ్చి కట్టేయాలంటే ఆ చేయి వదలాలి. ఆయన వదల్లేదు. బావమరిది వచ్చేసరికి రైలు ఇంకా తిరుగుతూనే ఉంది. అక్కనూ బావనూ చూసి, వాడు వంగి స్విచ్చి కట్టేశాడు.

"ఆపకురా."

"చాలు బావా" అన్నాడు వాడు.

మనిషిని బయటికి తీసుకెళ్ళాలంటే బల్లలు అడ్డం. ఎవరో లాగబోతే ఆయన వద్దని చెప్పి, స్క్రూడ్రైవరు తెచ్చుకుని తలవైపు పట్టాల దగ్గర కూర్చున్నాడు. మొన మర గాట్లో నిలవడం లేదు. బావమరిది రెండో కొస దగ్గర చతికిలబడి విప్పడం మొదలుపెట్టాడు.