పోచమ్మ కత్తి పిడి

నా చెయ్యి తగిలి పోచమ్మ కత్తి మైలపడిందట! ఆ మాటన్నది శంకర్రావు, బొంబాయి కామాటిపురాలో మా తెలుగువాళ్ళుండే చాళ్ళకు పెద్దమనిషి. వినగానే ఒళ్ళు మండిపోయింది.

ఫోరస్ రోడ్డులో మాది కత్తులకు పిడులు బిగించే కొట్టు. మిల్లుల సమ్మె జరిగిన ఏడాది మా ఆయన రాజమల్లుకు పక్షవాతమొచ్చి కుడిచెయ్యి పడిపోయింది. అప్పటినుంచి పని నాది, పేరు ఆయనది. నాగ్‌పాడా కసాయిలు నేను బాగుచేసిన కత్తి తీసుకుని ఆయనకు సలాం కొట్టి పోతారు. పోనీలే, పొయ్యి వెలుగుతోంది కదా అని ఊరుకున్నాను.

పోచమ్మ బోనాలకు మేకపోతును కొట్టే కత్తిని పోయినవారం శంకర్రావే తెచ్చాడు. బర్రెకొమ్ము పిడి నిలువునా చీలింది. చీలిక ఇంకా పాకకుండా దాని కొసన సన్నని బెజ్జం వేశాను. లోపలి జిడ్డంతా సూదితో గీకి, కొమ్ము పొడి కలిపిన బంక నింపి, దారంతో బిగించి రెండు రోజులు నీడన ఉంచాను. ఇత్తడి మేకు కొట్టి నూనె పట్టించాను. గోరుతో తడిమినా చీలిక తగల్లేదు.

చేసింది ఆడదాన్నైన నేనని ఎవరో శంకర్రావు చెవిన వేశారు. ఇంకేముంది! శుద్ధి పేరుతో కత్తిని రోజంతా పసుపునీళ్ళలో నానబెట్టి, తడి ఆరాలని స్టవ్ పక్కన పెట్టారు. కూలిపనికి పోయేవాళ్ళు పార కామ వదులైతే నీళ్ళలో వేస్తారు, కర్ర ఉబ్బి బిగుస్తుందని. కొమ్ముకూ అదే వైద్యమనుకున్నారు మహానుభావులు! కొమ్ము నీళ్ళు తాగి ఉబ్బింది, సెగ తగిలి మళ్ళీ పగిలింది.

ఇవాళ పదిమందిని వెంటేసుకొచ్చి శంకర్రావు ఆ కత్తిని నా ముందు పడేశాడు.

"ఆడిదాని పని గిట్లనే ఉంటది. ఎల్లుండి బోనాలు. నాగ్‌పాడాల అందరికి చెప్త, ఈ కొట్టుల కత్తులు ఇయ్యొద్దని."

"నానబెట్టింది మీరు, తప్పు నాదా? ఆడరాక మద్దెల ఓడన్నడంట!" అన్నాను. ఎంత అరిచినా లోపల భయమే. కసాయిలు రాకపోతే మాకు ఆ పూట గంజి కూడా ఉండదు.

శంకర్రావు నన్ను వదిలేసి మా ఆయన వైపు తిరిగాడు.

"రాజమల్లూ, నేనే బాగుచేస్తనని పదిమందిల ఒక్క మాట అను. మల్ల శుద్ధి అని కత్తిని కడుగం. నీ ధంధా గూడ నిలవడ్తది."

ఊ అంటాడేమోనని ఆయన మొహంలోకే చూశాను.

రాజమల్లు ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి పట్టుకుని, వదిలేశాడు. అది దబ్బున ఒళ్ళో పడింది.

"ఈ చెయ్యి అన్నం ముద్ద గూడ ఎత్తదన్నా. నాలుగేండ్ల సంది నా నోట్లె ముద్ద వెట్టే చెయ్యే ఆ పిడి చేసింది. గది మైలైతే, ముందుగాల నన్ను నానబెట్టు పసుపునీళ్ళల్ల."

శంకర్రావు వంగి కత్తి తీసి, మళ్ళీ బాగుచెయ్యమని నా చేతికే ఇచ్చాడు. అమ్మవారి కత్తి కనక తీసుకున్నాను. కోపం మాత్రం ఇంకా చల్లారలేదు.