జాడీ లోపలి అతుకు

ఉషారాణికి ఒళ్ళు మండిపోయింది. తెలిపారా పేటలో రవిచంద్ర మట్టిపని స్టూడియోకి వచ్చి చూస్తే, బల్ల మీద తను చేసిన జాడీ, దాని ముందు అతని పేరు రాసిన చీటీ. ఎంత బరితెగింపండీ ఆ మనిషికి!

ఒకప్పుడు ఇద్దరూ ఈ షెడ్డులోనే కలిసి పనిచేశారు. అన్నిటికీ స్టూడియో ముద్ర ఒక్కటే. కొట్టుకుని విడిపోయినప్పుడు సామాను పంచుకున్నారు గానీ, ఏది ఎవరు చేశారన్నది తేల్చుకోలేదు. ఇప్పుడు ఆ తేల్చే పని శ్రీనిధి నెత్తిన పడింది. ఈ చుట్టుపక్కల స్టూడియోల్లో మట్టిపని చేసేవాళ్ళ మీద పుస్తకం వేస్తోంది ఆ అమ్మాయి. అట్ట మీదికి ఈ జాడీనే ఎంచుకుంది. ఉషారాణి మణికట్లు పాడైపోయాయి. అంతటి జాడీ మళ్ళీ చేయడం ఆమె వల్ల కాదు.

"అడుగు చూడమ్మా. నేను చేసినదానికి నా బొటనవేలు ముద్ర ఉంటాది," అంది.

శ్రీనిధి జాడీని వంచి చూసింది. అడుగంతా నున్నగా ఉంది.

"బట్టీలో పలకకి అంటుకుపోయింది, అరగదీశాను. అది కూడా తప్పేనా?" అన్నాడు రవిచంద్ర.

"పోనీ ఇద్దరి పేర్లూ వేసేయనా మేడమ్? ఝగడా ఎందుకు," అంది శ్రీనిధి.

"సగం పేరేటి? నాకక్కర్లేదు. రెండు ముక్కలుగా చేసి అతికిన జాడీ ఇది. మెడ పెట్టకముందే లోపల అతుకుని ఇతగాడు చెక్కబద్దతో నున్నగా లాగేస్తాడు. నేనైతే కజ్జికాయ అంచు మడిచినట్టు మడతలు నొక్కుతాను. మా నాయనమ్మ అప్పలనర్సమ్మ నేర్పిన మడత."

శ్రీనిధి టార్చి వేసి చూసింది. మెడ మరీ ఇరుకు, అతుకు భుజం కిందెక్కడో ఉంది. ఫోను దూరలేదు.

రవిచంద్ర నవ్వాడు. "కనబడదుగా మరి. అచ్ఛా, టీ తాగుదామా?"

పేరు కాజేసినందుకు కాదు గానీ, ఆ టీ మాటకి ఉషారాణికి తిక్కరేగింది. రెండు చేతులతో జాడీని బల్ల మీంచి తోసేసింది.

షెడ్డంతా పెంకులు. శ్రీనిధి ఒక పెద్ద పెంకు తీసి తిప్పింది. లోపలి వైపు అతుకు పొడుగునా కజ్జికాయ మడతలు, వరసగా.

రవిచంద్ర ఆ పెంకు వంక చూడనే లేదు. ముఖం కందగడ్డలా అయింది.

"బుద్ధుందా నీకు? జన్మలో నువ్వు చేసిన గొప్ప జాడీ అదొక్కటే కదే!"

శ్రీనిధి అతని వంక చూసి, చీటీ మీద పేరు కొట్టేసింది. అట్ట మీదికి వేయడానికి మాత్రం ఇక ఏమీ మిగల్లేదు.

ఉషారాణికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"ఆ మాట ఇందాక అనలేకపోయావేటి? జాడీ ఉండును."

నేల మీద కూర్చుని పెంకులన్నీ కొంగులో ఏరుకుంది. అతను ఒకటి అందుకోబోతే చెయ్యి తోసేసింది.