పెద్ద తాడులో చిన్న తాడు

నాలుగో తరగతి గదిలో బల్లలు పక్కకు జరిపించి, లెక్కల టీచరు నేల మీద రెండు తాళ్లు గుండ్రంగా పరిచింది. పెద్ద తాడులో దీర్ఘచతురస్రాలు, చిన్న తాడులో చతురస్రాలు పెట్టాలి. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి డబ్బాలోంచి అట్టముక్క తీసి, దాని తాడులో వేసి పోతున్నారు. ఆట సాఫీగానే సాగుతోంది.

చివరి బల్ల అమ్మాయి వంతు వచ్చింది. ఆమె టీచరు కూతురే. బడి గేటు దాటాక అమ్మా అనకూడదు, టీచర్ అనాలి. ఆ రూలు పెట్టింది కూడా అమ్మే. పిల్ల అట్టముక్క తియ్యనేలేదు. పెద్ద తాడును ఓ పక్క పైకెత్తి, చిన్న తాడును ముక్కలతో సహా లోపలికి లాగేసింది.

“ఎదురెదురు భుజాలు సమానం, మూలలన్నీ లంబకోణాలు. చతురస్రానికీ అంతే కదా టీచర్. అయితే ఇవి కూడా దీర్ఘచతురస్రాలే.”

టీచరమ్మ లోపల ఎంత పొంగిపోవాలో అంతా పొంగిపోయింది. మరుక్షణమే కిందటి వారం ఓ పిల్లాడి తల్లి అన్న మాట గుర్తొచ్చింది. కూతురికి ఇంట్లో అన్నీ ముందే నూరిపోసి పంపుతున్నారట కదా అని, నవ్వుతూనే చురక వేసి పోయిందావిడ. నిజానికి ఊరి పిల్లల పేపర్లు దిద్దడంతోనే సరిపోయే టీచరమ్మ, ఇంట్లో కూతురికి ఒక్క లెక్క చెప్పిన పాపాన పోలేదు.

“అతితెలివి చూపించకు. చెప్పింది చెయ్యి,” అంది.

పిల్లలు కిసుక్కున నవ్వారు. కూతురు చిన్న తాడును ఎక్కడిదక్కడ పెట్టి, వెళ్లి కూర్చుంది.

ఆ సాయంత్రం ఇల్లు చేరినా టీచరమ్మకు అదే ఆలోచన. ఎవరి నోటికో జడిసి కన్నబిడ్డ నోరు మూయించింది, అదీ రైటు చెప్పినందుకు. తనను తానే తిట్టుకుంటూ కూతురి పక్కన చేరింది. నువ్వు చెప్పిందే రైటని, నీకు ముందే నేర్పి పంపానని అందరూ అనుకుంటారని భయపడ్డానని ఒప్పుకుంది. రేపు క్లాసులో చెప్తావా అని అడిగింది పిల్ల. చెప్తానంది.

అన్నట్టే మర్నాడు అందరి ముందూ చెప్పింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. గుండెల మీద బరువు దిగినట్టయి, టీచరమ్మ హుషారుగా త్రిభుజాలకు దిగింది. పెద్ద తాడులో రెండు భుజాలు సమానంగా ఉన్నవి పెట్టింది. చిన్న తాడులో మూడూ సమానంగా ఉన్నవి పెట్టి, ఇప్పుడీ చిన్న తాడు ఎక్కడుండాలని కూతురి వైపే చూస్తూ అడిగింది.

కూతురు చెయ్యెత్తలేదు. వంగి పక్కమ్మాయి చెవిలో ఏదో అంది. ఏనాడూ నోరు విప్పని ఆ పక్కమ్మాయి లేచి నిలబడింది.

“పెద్ద తాడు లోపలే టీచర్. మూడూ సమానమైతే, అందులో రెండు సమానమైనట్టేగా.”

అలవాటుగా శభాష్ అనేసింది టీచరమ్మ. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది కూతురే. అప్పుడు వెలిగింది ఆవిడకి, ఆ జవాబు కూతురు అందించిందేనని. కూతురి దగ్గరికి వెళ్లి, నువ్వే చెప్పొచ్చు కదా అని మెల్లగా అడిగింది.

“తను చెప్తే మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు కదా, టీచర్,” అంది పిల్ల.

దెప్పడానికి అన్న మాట కాదది. అమ్మకు సాయం చేశాననే అనుకుంటోంది. కూతురి వైపు చూడడానికి టీచరమ్మకు ముఖం చెల్లలేదు.