పెన్సిల్‌తో రాయని చీటీలు

పొద్దున్నే ల్యాబు తాళం తీయగానే అటెండరు చీపురు పట్టుకునేవాడు కాదు. ముందు గోడ అరల దగ్గరికి వెళ్ళి, అంచుకి జరిగిన సీసాలన్నిటినీ అరచేత్తో వెనక్కి నెట్టేవాడు. మొత్తం రెండు వందల పన్నెండు. ఒక్కో దాంట్లో స్పిరిట్టు, స్పిరిట్టులో సాల్మన్ చేప పేగులోంచి తీసిన బద్దెపురుగు. పురుగులన్నీ తలలు ఎదుటి కిటికీ వైపు తిప్పి గాజుకి ఆనించి తోస్తుంటే, సీసాలు రాత్రికి రాత్రి అంగుళమన్నా జరిగేవి.

"చచ్చి అరవై ఏళ్ళయినా వీటికి పుట్టింటి ధ్యాస పోలేదు" అని విసుక్కునేవాడు. తర్వాత ఊడ్చుకునేవాడు.

ఆ పురుగులు తాము పుట్టిన వాగు వైపు చూస్తాయని ఆ సంస్థలో అందరికీ తెలుసు. తెలిసి చేసేదేమీ లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

పురుగుల మేడమ్ తొమ్మిదింటికి వచ్చేది. ఆవిడ చదివింది జంతుశాస్త్రమే అయినా అందరూ పిలిచేది అలాగే. ట్రేలో చేపని పెట్టి మొప్పలు, గుండె, కాలేయం, పేగు వరసగా కోసి, పట్టుకారుతో పురుగుల్ని తీసి లెక్క రాసేది. మళ్ళీ ఇంకో చేప. మైక్రోస్కోపు మీద వంగి వంగి మెడ పట్టేసింది. సబ్బుకి లొంగని నీచువాసన వేళ్ళకి అంటుకుపోయింది. ఈమధ్య చేపని కోస్తూ, దీనివల్ల ఎవరికేం ఒరిగిందని తనని తానే అడుగుతోంది. సొరుగులో స్వచ్ఛంద పదవీ విరమణ ఉత్తరం రాసిపెట్టుకుంది, తేదీ వేయడమే ఆలస్యం.

అయినా ఆవిడ్ని తినేస్తున్న బాధ వేరే ఉంది. ఆ సీసాలు ఆవిడ మాస్టారివి. ఆయన కుర్రతనంలో కొండదారులు పట్టి తిరిగి, వాగు వాగునా చేపల్ని పట్టి సేకరించినవి. ఏ వాగుదో సీసాలోని చీటీ మీద తప్ప ఆయన ఇంకెక్కడా రాసుకోలేదు. ఆవిడ చదువుకునే రోజుల్లో, చీటీలు పాతబడ్డాయి, తిరగరాయమన్నాడు. కొత్త ఇంకు పెన్ను కొనుక్కున్న మోజులో ఆవిడ వాటిని గుండ్రటి దస్తూరీతో ఎక్కించి, పాతవి చించి పారేసింది. స్పిరిట్టులో పెన్సిలు నిలుస్తుంది, ఇంకు నిలవదు. వారం తిరక్కుండా రెండు వందల పన్నెండు చీటీలూ తెల్లబోయాయి.

మాస్టారు తిట్టలేదు. "పెన్సిల్‌తో రాయమన్నాను కదమ్మా" అన్నాడంతే. నాలుగైదు వాగుల పేర్లు గుర్తు తెచ్చుకోబోయి, మానేశాడు. తర్వాత రెండేళ్ళకి పోయాడు. తిట్టినా బాగుండేదని ఆవిడ ఇప్పటికీ అనుకుంటుంది.

గురువారం డైరెక్టరు పిలిచాడు.

"రేపు బండి వస్తుందమ్మా. చీటీ మీద పేరు లేని సీసాలన్నీ కాల్చేస్తారు. గది కావాలి."

"అవి వాగు వైపు చూస్తాయి కదండీ?"

"చూడవని నేనన్నానా? వాగులన్నీ ఆ కిటికీ వైపే ఉన్నాయి. అన్నీ ఒకే వైపు చూస్తుంటే దేనికి ఏ పేరు రాస్తావు?"

సాయంత్రం ఆవిడ ఉత్తరం మీద తేదీ వేసి, పొద్దున ఇద్దామని సొరుగులోనే ఉంచింది. వెళ్తూ వెళ్తూ, అరలో చివరి సీసాని టిఫిను డబ్బా పక్కన సంచిలో పెట్టుకుంది. ఒక్కటైనా మాస్టారి గుర్తుగా ఉంటుందనుకుంది.

ఇల్లు కొండల వైపు, బస్సులో గంట ప్రయాణం. సీసా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అన్నాళ్ళూ ఆవిడ అరలోనే చూసిన ఆ పురుగు, బస్సు మలుపు తిరిగినప్పుడల్లా తలని మళ్ళీ కొండల వైపే తిప్పుకుంది. ఆవిడ ఉండే వీధి దగ్గరపడేసరికి తల కిందికి వాలింది. పక్కసీటాయన చూసి, "దిగాల్సిన చోటొచ్చినట్టుంది" అని కాళ్ళు పక్కకి తీసుకుని దారిచ్చాడు.

ఇంట్లో వంటగది గట్టు మీద సీసా పెట్టేసరికి, పురుగు నిటారుగా నిలబడి తల అడుక్కి ఆనించింది.

"ఇన్నాళ్ళూ కంపే అనుకున్నా. ఇప్పుడు ఏకంగా పురుగునే తెచ్చావా?" అంది అత్తగారు. "అదీ కిందకే చూస్తోంది చూడు. నేల చెమ్మ దానికి కూడా తెలిసింది. ఇల్లు కొన్నప్పట్నుంచీ మొత్తుకుంటున్నాను, నా మాట ఎవరు విన్నారు?"

"అత్తయ్యా, ఇక్కడ ఇళ్ళు రాకముందు ఏముండేదో మీకేమైనా తెలుసా?"

"వాగుండేదట. పూడ్చి వీధి వేశారని వెనకింటి ముసలాయన చెప్పాడు. కొన్నాక చెప్పాడు మహానుభావుడు!"

ఆవిడ అక్కడే నేల మీద చతికిలబడింది. మాస్టారు ఏ వాగులో దిగి ఆ చేపని పట్టాడో, దాని మీదే ఇరవై రెండేళ్ళుగా వంట చేస్తోంది. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. అత్తగారు స్టౌ కట్టేసి, కోడలి పక్కనే పీట వేసుకుని కూర్చుంది.

శుక్రవారం మొదటి బస్సుకే వెళ్ళింది. అటెండరు సీసాల్ని అప్పుడే పెట్టెల్లోకి సర్దుతున్నాడు. ఆవిడ ఆపమనేసరికి, ఒక్కటొక్కటే తిరిగి అరల్లో పెట్టసాగాడు. ఆవిడ డైరెక్టరు దగ్గరికెళ్ళి జరిగింది చెప్పింది.

"మీ వంటింట్లో తల నేలకి పెట్టిందా?" అన్నాడాయన.

"పెట్టిందండీ. ఇక్కడ్నించి చూస్తే అన్నీ ఒకే వైపు. మోసుకుని తిరిగితే దేని దారి దానిదే. తల కిందికి పెట్టిన చోటే దాని వాగు."

"రెండు వందల పన్నెండూ మోస్తావా? ఎన్నాళ్ళమ్మా?"

"ఎనిమిది తొమ్మిదేళ్ళు పట్టచ్చు."

"నీకున్న సర్వీసు ఆరేళ్ళేగా?"

"మిగతావి పింఛను తీసుకుంటూ మోస్తాను."

డైరెక్టరు ఆవిడ ఉబ్బిన కళ్ళ వంక చూశాడు. "బండివాడికి నేను చెప్తాలే" అని ఫోను అందుకున్నాడు.

ఆవిడ తన బల్ల దగ్గరికొచ్చింది. మెడ నొప్పి అలాగే ఉంది, ట్రేలో చేపలు అలాగే ఉన్నాయి. సొరుగులోంచి ఉత్తరం తీసి, వెనక తెల్లగా ఉన్న చోట చీటీకి సరిపడా చించింది. పెన్సిలు చెక్కుకుని, దాని మీద తన ఇంటి నంబరూ వీధి పేరూ గుండ్రంగా రాసింది. సంచిలోంచి సీసా తీసి, మూత విప్పి, చీటీని లోపలికి జారవిడిచింది.

"పెన్సిల్‌తోనే రాశాను మాస్టారూ" అంది.