బయటి చప్పుడు ఎక్కడికి పోవాలి

మిల్లు మోత మూడు రోజులుగా కోటేశ్వరి మంచం మీద పడుకుంటోంది.

అద్దె గదిలో మంచం ఒక్కటే. అందుకని కోటేశ్వరి, పదకొండు నెలల కూతురు హన్వి కింద చాప మీద సర్దుకుంటున్నారు. మోత పడుకున్న చోట పరుపు గుంట పడుతుంది. దుప్పటి కప్పితే కాస్త తగ్గుతుంది గానీ కాళ్ళు బయటికొస్తాయి. నూలు మిల్లు గోడ అవతలే ఉంటుంది. మునుపు మోత కిటికీలోంచి వచ్చి, కాసేపుండి పోయేది. ఇప్పుడు పోవడం మానేసింది.

మొగుడు ఆంజి ఆ మిల్లులోనే పని చేస్తాడు. ఆరేళ్ళుగా ఆ హోరులో ఉండి ఉండి ఇంట్లో కూడా చేతులతోనే మాట్లాడతాడు. ఈ పొద్దున మంచం వైపు చూసి, రెండు వేళ్ళు చెవుల దగ్గర పెట్టుకుని, బస్టాండు వైపు చూపిస్తాడు. ఇయర్‌ఫోన్లు కొనుక్కోమని అర్థం.

కోటేశ్వరికీ కొనుక్కోవాలనే ఉంది. ఓపెన్ పదో తరగతి పాఠాలు ఆమె ఫోనులో ఉన్నాయి. వారానికి రెండుసార్లు సెంటరుకు బస్సులో వెళ్ళేటప్పుడే వినడానికి వీలు. ఫోను కుడి చెవికి ఎంత నొక్కుకున్నా బస్సు రొదలో టీచరమ్మ మాట సగంలోనే తెగిపోతుంది. ఎడమ చెవి పురుడు తర్వాత మందగించింది. శబ్దం ప్రయాణించాలంటే గాలో నీరో ఏదో ఒక యానకం కావాలి అన్న వాక్యం దగ్గరే ఆమె తొమ్మిదో తరగతిలో బడి మానేసి, పత్తి గింజలు తీసే పనికి పోయింది. దాని తర్వాతి వాక్యం ఏమిటో ఈనాటికీ తెలియదు.

తెలుసుకోవాలని ఉంది. కానీ చెవులు మూసుకుంటే పిల్ల ఏడుపు వినపడదేమోనని భయం. ఒళ్ళోనే ఉన్న పిల్ల ఏడ్చినా తనకు తెలియకపోతే, ఆ పిల్లకు ఇంకెవరున్నారు?

బస్టాండు పక్కన మస్తాన్‌బీ కొట్టు వాకిలంత వెడల్పే ఉంటుంది. లోపలికి ఒక్కో అడుగు వేస్తున్నకొద్దీ అది ఇంకో అడుగు పొడుగవుతుంది. రెండు పక్కలా ఇయర్‌ఫోన్లు పాములవాడి బుట్టలోంచి జారిన పాముపిల్లల్లా వేలాడుతుంటాయి. హన్వి చంకలో కదిలితే చాలు, అన్నీ అటు తిరుగుతాయి. కోటేశ్వరి పిల్లను గట్టిగా పట్టుకుని నడుస్తుంది. పావుగంటకు మస్తాన్‌బీ కూర్చున్న బల్ల వస్తుంది.

"ఎప్పుడెప్పుడు వింటావ్?" అని అడుగుతుంది మస్తాన్‌బీ, తలెత్తకుండానే.

"అప్పుడప్పుడే పిన్నీ. వారానికి రెండుసార్లు, బస్సులో."

"అయితే ఖరీదుగలవి నీకు దండగ. రోజూ పెట్టుకోకపోతే బెంగ పెట్టుకుంటయ్యి."

"వైరు లేనివి ఉన్నయ్యంటగా, తక్కువలో."

"పిల్ల ఉన్న ఇంటికి వైరు లేనివి ఇయ్యను. మింగిద్ది. మొన్న ఒకామె బిడ్డనెత్తుకొచ్చింది. మింగిందనిగాదంట ఏడుపు, కడుపులో ఉంటే ఫోనుకి కలవట్లేదంట."

మస్తాన్‌బీ ఒక రేకు డబ్బా తీసి మూడు రకాల రబ్బరు బుడిపెలు బల్ల మీద పోస్తుంది. చిన్నవి, నడిమివి, పెద్దవి. చెవి రంధ్రాన్ని బుడిపె ఎంత బిగుతుగా మూస్తే బయటి చప్పుడు అంత ఆగుతుందని చెబుతుంది. తర్వాత కళ్ళజోడు సవరించుకుని అసలు సంగతి అడుగుతుంది.

"ఆగిన చప్పుడు ఎక్కడికి పోవాలమ్మాయ్?"

కోటేశ్వరి ఈ మాట ఎన్నడూ ఆలోచించలేదు. "ఏమో. బయటే ఉండిద్దిగా."

"ఎందుకుంటది? నీ దగ్గరికని బయల్దేరొచ్చింది. ఖరీదువాటికి కింద ఒక పెట్టె ఉంటది, దాంట్లో మడతేసి పెట్టుకుంటయ్యి. వీటికి పెట్టె లేదు." నల్ల తీగ జత ఒకటి తీసి చూపిస్తుంది. "పక్కన ఎవురుంటే వాళ్ళలోకి పోద్ది."

పక్కన హన్వి ఉంది. ఆ సంగతి కోటేశ్వరికి తెలుసు. తెలిసి కూడా ఆమె చెయ్యి ముందుకు చాస్తుంది. ఒక్క వాక్యం కోసం. ఒక్క వాక్యమైతే పిల్లలోకి పోయేదెంత, గుక్కెడు.

తీగను ఫోనుకు గుచ్చి పాఠం పెడుతుంది. కుడి చెవిలో నడిమి బుడిపె సరిగ్గా కూర్చుంటుంది. ఎడమ చెవిలో చిన్నది కూడా దూరనంటుంది. బలవంతంగా తోస్తుంది. అంతే, లోకం ఎవరో తడిగుడ్డతో తుడిచేసినట్టయిపోతుంది. మూడు రోజుల తర్వాత, కాదు, ఎన్నో ఏళ్ళ తర్వాత ఆమె చుట్టూ ఏమీ లేదు. టీచరమ్మ గొంతు పక్క బెంచీ మీద కూర్చుని చెప్పినంత దగ్గరగా ఉంది. "శబ్దం ప్రయాణించాలంటే యానకం కావాలి," అంటుంది టీచరమ్మ. తర్వాతి మాటకు ఊపిరి తీసుకుంటుంది.

ఆ ఊపిరి వినేటప్పుడే కోటేశ్వరి కిందికి చూస్తుంది. హన్వి నోరు తెరిచి ఉంది. ముఖం కందగడ్డలా ఉంది. మస్తాన్‌బీ రెండు చేతులతో చెవులు మూసుకుని ఉంది.

బుడిపెలు పీకేస్తుంది. పిల్ల నోట్లోంచి గుంటూరు బస్సు హారను వస్తోంది. వెనకే కండక్టరు కేక, చెరుకు రసం గానుగ, వాటన్నిటి కిందా మిల్లు మోత. అవన్నీ ఒకటొకటిగా కిందికి దిగి, కొట్టు పొడుగునా నడిచి, ఎక్కడివక్కడికి వెళ్ళిపోతాయి. పిల్ల నోరు ఖాళీ అవుతుంది.

హన్వి ఏడుస్తుంది. కళ్ళనీళ్ళు కారుతున్నాయి, గడ్డం వణుకుతోంది, లేత పళ్ళు రెండూ కనిపిస్తున్నాయి. చప్పుడు మాత్రం లేదు.

"దీని ఏడుపేది పిన్నీ?"

"నేను తీసుకోలా. ఏడుపు గ్యారంటీలో రాదు." అని మస్తాన్‌బీ లేచి నిలబడుతుంది. బల్ల ఇవతలికి వస్తుంది. "నీ దగ్గరికే వచ్చుంటది. బిడ్డ ఏడుపు ఇంకెక్కడికి పోద్ది? తల వంచు."

ఫోను లైటు వేసి ముందు కుడి చెవి చూస్తుంది. తర్వాత ఎడమ చెవి చూసి, లైటు ఇంకా దగ్గరికి తెస్తుంది.

"పురిట్లో పెట్టిన దూది తియ్యలా?"

కోటేశ్వరికి అప్పుడు గుర్తొస్తుంది. చలిగాలి తగలకూడదని అత్త చెవుల్లో దూది కుక్కి, తలకు గుడ్డ కట్టింది. మూడో నెలలో తీసెయ్యమంది.

"కుడిది తీశా. అప్పుడు పిల్ల ఎడమ పక్కన పాలు తాగతా నిద్రబోయింది. కదిలితే లేస్తదని ఆగా. తర్వాత మర్చేపోయా."

"మర్చిపోయి, పదకొండు నెల్లు సగం చెవితో కాపరం చేశావ్. ఏడుపు వచ్చి ఈ తలుపు కొట్టుంటది. దూదిలో ఇరుక్కుంది."

మస్తాన్‌బీ గోటితో దూది కొస పట్టుకుని లాగుతుంది. దూది ముద్దగా రాదు. పోగులా వస్తుంది. సన్నగా, తెల్లగా, ఎక్కడా తెగకుండా వస్తూనే ఉంటుంది. అందులో కుక్కరు విజిల్ ఉంది. పాలు చాలడం లేదని పక్కింటామెతో అత్త అన్న మాట ఉంది. అవి వేళ్ళకు తగులుతూ పోతాయి. పోగు బల్ల దిగి, నేల మీద చుట్టలు చుట్టుకుని, కొట్టు పొడుగునా పాకి, వాకిలి దాటుతుంది.

వాకిట్లో ఆంజి నిలబడి ఉన్నాడు. అతని చేతిలో నూలు చుట్టే ఖాళీ కండె ఉంది. వెనక మిల్లు దాకా మనుషులు బారుగా కండెలు పట్టుకుని నిలబడ్డారు. పోగు కొస అప్పటికే మిల్లు లోపలికి వెళ్ళింది. మిల్లు దాన్ని లాగుతోంది, రానురాను వేగంగా. ఇంకా ఎంతుందని ఆంజి చేత్తో అడుగుతాడు.

"ఆపు, దాంట్లో పిల్ల ఏడుపుంది," అంటుంది కోటేశ్వరి.

ఆంజి చెవి దగ్గర చెయ్యి ఆడిస్తాడు. వినపడలేదని. మిల్లులోకి పోతే ఏడుపును కూడా వడికి, చుట్టి, లారీకెక్కిస్తారు. తర్వాత ఏ ఊళ్ళో ఎవరి చొక్కాలో ఏడుస్తుందో ఎవరు చెప్పగలరు?

కోటేశ్వరి పిల్లను ఎడమ చేత్తో పొదువుకుని, కుడి చేతి వేళ్ళ మధ్య పోగును జారనిస్తుంది. పొడి. పొడి. చూపుడువేలు కోసుకుంటుంది. పొడి. హన్వి చప్పుడు లేకుండా ఎక్కిళ్ళు పెడుతోంది. చెవిలో దూది అయిపోవచ్చినట్టుంది, లోపల చల్లగా తగులుతోంది. అప్పుడు వేళ్ళకు తడి తగులుతుంది. ఉప్పగా, పాల వాసనతో, వెచ్చటి తడి.

ఆ తడికి ఇవతల, తన చెవి వైపున, పళ్ళతో కొరుకుతుంది.

తడి కొసను పిల్ల గుప్పిట్లో పెడుతుంది. హన్వి దాన్ని చూస్తుంది. ఏడుపు మొదలవుతుంది. కోటేశ్వరి దాన్ని రెండు చెవులతో వింటుంది. పదకొండు నెలల్లో ఇదే మొదటిసారి. ఏడుపుకి ఎడమ పక్క కూడా ఉందని, ఆ పక్క కాస్త మెత్తగా, అడుగుతున్నట్టుగా ఉందని ఆమెకు ఇన్నాళ్ళూ తెలియదు. అక్కడే నేల మీద కూర్చుని, అయిపోయేదాకా వింటుంది.

"ఎడమ దానికి బుడిపె పెట్టను," అని మస్తాన్‌బీ నల్ల తీగను సగానికి కత్తిరిస్తుంది. "ఒక చెవికి పాఠం. ఒక చెవికి బిడ్డ. సగం ధరియ్యి చాలు. చెవుల్ని ఎక్కువమంది ఇట్టానే వాడతారు, చెప్పరుగానీ."

సెంటరు బస్సు సిద్ధంగా ఉంది. కోటేశ్వరి కిటికీ పక్కన కూర్చుని కుడి చెవిలో బుడిపె పెట్టుకుంటుంది. హన్వి చేతికి దొరికిన దాన్నల్లా పెట్టుకున్నట్టే పోగు కొసను నోట్లో పెట్టుకుని, రెండు పళ్ళ మధ్య బిగించింది. తియ్యబోతే తియ్యనివ్వదు.

బస్సు కదులుతుంది. పోగు బిగుసుకుంటుంది. అవతలి కొసన మిల్లు ఇంకా లాగుతూనే ఉంది, పిల్ల వదలడం లేదు. పోగు రాకపోయేసరికి మిల్లే వస్తుంది. పునాది మట్టి రాల్చుకుంటూ లేచి, కరెంటు తీగలకు తగలకుండా పైకెక్కి, బస్సు వెనక గాలిలో తేలుతూ వస్తుంది. మలుపు తిరిగితే అదీ తిరుగుతుంది. దాంట్లో చప్పుడే లేదు. ఒక్కో కిటికీలో తలకు గుడ్డ కట్టుకున్న బాలింత ఒకామె కూర్చుని, ఎడమ చెవిలోంచి నెమ్మదిగా దూది లాక్కుంటోంది.

హన్వి ముక్కుపుటాలు అదురుతున్నాయి. ఏడవడానికి నోరు తెరిస్తే మిల్లు జారిపోతుంది.

కోటేశ్వరి ఎడమ చెవిని పిల్ల పెదవులకు ఆనించి కదలకుండా కూర్చుంటుంది. కుడి చెవిలో టీచరమ్మ తర్వాతి మాటకు ఊపిరి తీసుకుంటోంది. కిటికీల్లో బాలింతలందరూ చేతులాపి వింటున్నారు.