సామవలస

ముందుగా మన్నించండి. అక్షరాలు ఏభై దాటాక నేర్చుకున్నాను. తప్పులుంటాయి, కథ నెమ్మదిగా నడుస్తుంది. ఊరి పేరును మాత్రం దిద్దకండి.

గంగులు నడుంలోతు నీళ్ళలో నిలబడి గోగునార ఒలుస్తున్నాడు. నానిన గోగుకట్టల కంపు ఒంటికి పట్టేసింది. మొదళ్ళు కర్రతో చితక్కొట్టి, పుల్ల విరిచి, ఒక్క గుంజుతో నార లాగేస్తున్నాడు. అరచేతులు తెల్లగా ముడతలు పడ్డాయి. పెళ్ళయిన నాటినుంచీ తాయారు ఏటేటా చూస్తున్న చేతులే అవి.

“రాత్రి నా పక్కకి రాకు మావా. నీ కంపుకి కప్పలే పారిపోతన్నాయి,” అంది గట్టు మీద నార ఆరేస్తూ.

“నువ్వేటి, గులాబీ పువ్వువా?” అని నవ్వబోయి గుండె పట్టుకున్నాడు. “ఒసే, రొమ్ములో ఏటో పట్టేసినాదే.”

గట్టుకు ఈడ్చుకొచ్చి పడుకోబెట్టింది. అంబులెన్సుకు ఫోను చేసింది.

“ఏ ఊరమ్మా?”

“సామవలస.”

“చామవలసా?”

“చామ కాదు బాబూ, సామ! సామలు పండే ఊరు. బేగి రండి.”

“అదేనమ్మా, చామవలస. బండి వస్తోంది.”

అదేనట! సామలు పండించిన తాతలు పెట్టుకున్న పేరది. చామదుంపను ఇక్కడ సామదుంప అంటారు, నిజమే. అంతమాత్రాన వీళ్ళకు నోరు తిరగదనుకుని, ఎవడో చదువుకున్న పెద్దమనిషి రోడ్డు మీది బోర్డుకు చామవలస అని రాయించేశాడు. అసలు చామవలస ఏరు దాటాక, గరివిడి వైపు ఉంది. పెళ్ళిపత్రికలు, పార్సిళ్ళు అక్కడికి పోతే ఊరు నవ్వుకునేది. ఈరోజు బండీ అక్కడికే పోయింది.

తాయారు అతని అరికాళ్ళు రుద్దుతూనే ఉంది. “బండొస్తన్నాది మావా, వస్తన్నాది,” అంటూనే ఉంది. ఎండ నడినెత్తికెక్కేసరికి ఆ కాళ్ళు చల్లబడ్డాయి. ఆమె రుద్దడం ఆపలేదు.

అప్పుడొచ్చింది బండి. డ్రైవరు చెమట తుడుచుకుంటూ, “ఊరి పేరు సరిగ్గా పలకాలి కదమ్మా,” అన్నాడు.

తాయారు లేచింది.

“నా ఊరి పేరు నాకు నేర్పుతావేట్రా? నాకు సదువు లేదు, సెవులున్నాయి. మీకు అవీ లేవు!”

గుప్పెడు బురద తీసి బండి అద్దానికేసి కొట్టింది. ఇంకో గుప్పెడు. గట్టున చేరిన ఊళ్ళోవాళ్ళెవరూ ఆపలేదు.

గంగులును మంచం మీద మోసుకుపోయారు. గట్టున అతని చద్దన్నం గిన్నె, గుడ్డముడి విప్పకుండా, ఎండలో ఉండిపోయింది.

ఇది రాసింది తాయారు, అరవై రెండేళ్ళు. ఇప్పుడు ఉంటున్నది పొందూరులో, కూతురి ఇంట.