బాలప్ప పాదం

ఈ రోజు ఇంటికి పోతున్న బాలప్పకు గ్లోరీ సంచి సర్దుతోంది. రెండు పంచెలు, తువ్వాలు, షుగరు మాత్రలు, అరికాలు చూసుకోవడానికి చిన్న అద్దం. మదనపల్లె ఆసుపత్రిలో, కాళ్ళ పుండ్ల వార్డులో ఆమె ఆయా. ఎవరో ఒకరి సంచి సర్దడం రోజూ ఉండేదే.

"కాళ్ళు ఈడ పెట్టప్పా."

బేసిన్లో నీళ్ళ వేడి ముందు తన మోచేత్తో చూసింది. పుంగనూరు పక్క పల్లెలో సేద్యం చేసే బాలప్పకు వేడి తెలియదు. షుగరుతో పాదాలు మొద్దుబారి, మేకు దిగినా తెలియక మడమలో పుండు పడింది. అది మూసుకున్నది ఈ మధ్యే. కొక్కేల్లా వంగిన వేళ్ళ సందుల్లో తడి ఒత్తి, పగుళ్ళకు వాసెలిన్ రాసింది.

"నా పెండ్లిలో మా మామ గూడా ఇంత బాగా కడగలేదమ్మా."

"ఆయప్ప ఒగసారి కడిగినాడు. నేను దినామూ కడగతా నీతో తిట్లు తింటాండాను."

అతని పాదం కొలిచి చేయించిన మెత్తటి నల్ల రబ్బరు చెప్పులు ముందు పెట్టింది. బాలప్ప పక్కకు నెట్టాడు.

"ఏస్కోప్పా. మళ్ళా పుండు పడితే కాలు తీసేయాలని డాక్టరమ్మ చెప్పింది గదా."

"ఇవి సూస్తే పెద్దరోగమనుకుంటారమ్మా. మనవరాలిని సూసేదానికి కుప్పం నించి వస్తాండారు. సంబంధం కుదిరేదంకా నా పాత తోలుచెప్పులే. ఆ యెనక నువ్వు చెప్పినట్టే."

గ్లోరీ రబ్బరు చెప్పులు చేతిలోకి తీసుకుంది. ఆమె నాయనకు ఆ కుష్ఠురోగం నిజంగానే వచ్చి నయమైంది. ఆమె పెళ్ళిచూపులనాడు, ముడుచుకుపోయిన తన వేళ్ళు ఎవరికీ కనబడకూడదని ఆయన నిమ్మనపల్లెలో చేనుగట్టు మీదే పొద్దుగుంకేదాకా కూర్చున్నాడు. అన్నానికి కూడా ఎవరూ పిలవలేదు.

"వాళ్ళు పొయ్యేదంకానే. కూర్చోనే ఉండాల, తిరగబాకు," అంటూ చెప్పులు గుడ్డలో చుట్టి సంచిలో పెట్టింది.

బాలప్ప బస్సెక్కాక మిగిలిన పడకలకు తిరిగింది. మధ్యాహ్నానికి తన బొటనవేలి పక్కన పొడుచుకొచ్చిన ఎముక సలపసాగింది. నిలబడే బతికిన పాదం. కూర్చుని ఒత్తుకుందామనుకునేలోపు ఇంకో పడక నుంచి పిలిచారు.

సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు ఇల్లు చూడడానికి బాలప్ప తోలుచెప్పులతోనే కుప్పమంతా తిరిగాడు. మడమ చీలి చెప్పు తడిసినా అతనికి తెలియలేదు. మనవరాలు ఆసుపత్రికి ఫోన్ చేసేసరికి విషం తొడ దాకా ఎక్కింది. గ్లోరీ పడక సిద్ధం చేసి ఉంచింది.

బాలప్ప మళ్ళీ మదనపల్లెకు రాలేదు. ఆషాఢం చివరి మంగళవారం, పుంగనూరులోనే చనిపోయాడు.